రూతు బొటనవేలు

నరసరావుపేటలో గిటారు మాస్టారుగా నలుగురికీ తెలిసిన జయకర్‌కి తన కూతురి చేతిలో ఏముందో తెలిసిన రోజు సంతోషం కలగలేదు. గుండెలో రాయి పడింది.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద నడుం వాల్చాడు. ముందు గదిలో ఎనిమిదేళ్ళ రూతు గిటారు ఒళ్ళో పెట్టుకుని కెలుకుతోంది. పిల్లలు కెలికినట్టే ఉందని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆ కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. లావు తీగ మీద బొటనవేలు దుమ్, దుమ్ అంటూ నడుస్తోంది. సన్న తీగల మీద సండే స్కూలు పాట వరస మెల్లగా పాకుతోంది. వరస ఒకచోట తప్పింది. పిల్ల వెనక్కి పోయి వెతుక్కుంది. మళ్ళీ తప్పింది, మళ్ళీ వెతుక్కుంది. ఈ వెతుకులాట జరిగినంతసేపూ బొటనవేలు ఆగలేదు. పక్కింట్లో కొట్లాట జరుగుతున్నా తన పిండి తాను రుబ్బుకునే మనిషిలా దాని దారిన అది నడిచింది.

జయకర్ దగ్గర చానామంది పిల్లలు నేర్చుకున్నారు. తప్పు వచ్చిందంటే అందరికీ అయిదు వేళ్ళూ ఒకేసారి ఆగిపోతాయి. అది మానవ సహజం. ఆగని చెయ్యి అతను ఒక్కటే చూశాడు, అది తనది. ఇప్పుడు రెండోది చూస్తున్నాడు.

తల తిప్పేసరికి వంటింటి గుమ్మంలో భార్య హెప్సిబా నిలబడి ఉంది. చేతులకు అంట్లు తోమిన నురగ అలాగే ఉంది.

"విన్నారా?" అంది.

"విన్నా."

"నేర్పొద్దండీ."

అంతే అని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా ఉన్న మాట అదొక్కటే. పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకున్నా, రూతు దగ్గు గురించి మాట్లాడుకున్నా, అడుగున ఆ మాటే ఉండేది: నేర్పాలా, వద్దా?

జయకర్ తండ్రి ఇన్నయ్యది రొంపిచెర్ల పక్క పల్లె. కౌలుకు మిరప వేసేవాడు. డిసెంబరు వచ్చిందంటే తంబుర భుజాన వేసుకునేవాడు. యేసు పుట్టిన కథను బుర్రకథగా చెప్పే దళం ఒకటి ఉండేది వాళ్ళ చర్చికి. కథకుడు వేరే, హాస్యగాడు వేరే, డక్కీలు కొట్టేవాళ్ళు వేరే. ఇన్నయ్యకు గొంతు లేదు, మాట చాతుర్యమూ లేదు. అందుకని వెనక నిలబడి రెండో తంబుర మీటడమే అతని పని. కథ పక్కదారి పట్టినా, హాస్యగాడు జనాన్ని నవ్విస్తున్నా, మధ్యలో ఎవరో పంతులుగారికి దండ వేస్తున్నా ఆ తీగ ఆగకూడదు. జయకర్ చిన్నతనమంతా తండ్రి తొడ మీద తల పెట్టుకుని ఆ మోత వింటూ నిద్రపోయాడు.

మాచర్ల హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో వార్డెను గదిలో గోడకు తగిలించిన ఒక గిటారు అతని కంట పడింది. ఎవరో విదేశీ ఫాదర్ వదిలి వెళ్ళినదట. దాన్ని ఎలా వాయిస్తారో చూపించేవాళ్ళు లేరు. అందరూ వేళ్ళ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకుని తీగల మీద గీకుతారని కూడా అతనికి తెలీదు. తెలిసిందల్లా తండ్రి తంబుర. అందుకని బొటనవేలిని ఆ పనికి పెట్టాడు. మిగతా మూడు వేళ్ళతో ఆదివారం విన్న కీర్తన వరసను వెతుక్కున్నాడు. వేలు ఒకటి తండ్రిది, మూడు తనవి అన్నట్టు ఉండేది. పాట, పాట వెనక మోత, మధ్యలో తాళం, అన్నీ ఒకే చేతిలోంచి వచ్చేవి.

నరసరావుపేటలో బీఎస్సీ చదువుతున్నప్పుడు ఒక నెట్ సెంటర్లో కూర్చుని ఉండగా ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కాడు. ఒక తెల్లతను ఒంటరిగా కుర్చీలో కూర్చుని గిటారు వాయిస్తున్న వీడియో తెరుచుకుంది. అది ఆగి ఆగి వచ్చింది. ఆ మనిషి బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా నడుస్తోంది. వేళ్ళు పాట పాడుతున్నాయి. అరచేయి పెట్టె మీద డక్కీలా పడుతోంది. జయకర్ కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. 'చెయ్యి పద్ధతిగా లేదురా' అని కనిపించిన ప్రతివాడూ తనను వెక్కిరించిన ఆ వాయింపుకు మరో దేశంలో ఒక పేరుంది, గురువులున్నారు, టికెట్టు కొని వచ్చి నిశ్శబ్దంగా కూర్చుని వినే జనం ఉన్నారు. వీడియో చివర్లో వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను అతను చాలాసార్లు వెనక్కి జరిపి చూశాడు. తన బతుకు చెడింది అక్కడేనని తర్వాత్తర్వాత హెప్సిబాతో అనేవాడు. తెలియకపోయి ఉంటే బాగుండేది. నూతిలో కప్పకు సముద్రం ఉందని తెలియడం వల్ల నూయి పెద్దది కాదు.

డిగ్రీ అయ్యాక ఆర్కెస్ట్రాలో చేరాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో రంగు దీపాలతో మేడంత ఎత్తు కట్టే కరెంటు ప్రభల మీద ప్రోగ్రాములు. ఆ దళంలో పాటగాడు ప్రవీణ్ కుమార్. ఇద్దరూ ఒకే వీధి వాళ్ళు, ఒకే చర్చి. జయకర్ తన పద్ధతిలో వాయిస్తే ప్రవీణ్ మధ్యలో ఆపేసేవాడు.

"ఏంది మావా ఇది? నువ్వే పాడతన్నావు, నువ్వే తాళమేస్తన్నావు. మరి నేనెందుకు ఈడ? వంట చేసినోడివే వడ్డించుకు తినేస్తే పెళ్ళికొచ్చినోళ్ళ గతేంది?"

అందరూ నవ్వేవాళ్ళు. జయకర్ కూడా నవ్వి, బిళ్ళ తీసుకుని గీకేవాడు. పాట వెనక నడిచేవాడు.

తిరునాళ్ళలో ప్రభ మీద వాయించాడని చర్చి పెద్దలు కొన్నాళ్ళు అతన్ని గిటారు ముట్టనివ్వలేదు. "నిన్న ప్రభ మీద, ఇయ్యాల పరిశుద్ధ స్థలంలోనా?" అన్నారు. అవతల ప్రభ కట్టినవాళ్ళు బొట్టు పెట్టుకోలేదని మూతి ముడుచుకున్నారు. రెండు చోట్లా మైకులు పెట్టేది జాన్ సాహెబ్ ఒక్కడే. "నన్నెవరూ ఏమనరు తమ్ముడూ. నా పెట్టెలకు మతం లేదు, కరెంటుంటే చాలు. నీకే ఎందుకు ఇదంతా అంటే, నువ్వు మనిషివి కాబట్టి" అని టీ తాగించాడు.

తర్వాత ఆర్కెస్ట్రాలు పోయాయి, డీజేలు వచ్చాయి. ప్రవీణ్ సువార్త పాటలు పాడుతూ యూట్యూబులో పేరు తెచ్చుకుని కారు కొన్నాడు. జయకర్‌ని విజయవాడలో ఒక స్టూడియోకు తీసుకెళ్ళింది కూడా అతనే. అక్కడ కీబోర్డు కుర్రాడు ఒక మధ్యాహ్నమంతా జయకర్ చేత రకరకాల నడకలు వాయింపజేసుకున్నాడు. చానా బాగుందన్నాడు, మళ్ళీ పిలుస్తానన్నాడు. పిలవలేదు, పిలవాల్సిన అవసరం అతనికి రాలేదు. ఆ వాయింపును ముక్కలు ముక్కలుగా కోసి కంప్యూటర్లో దాచుకుని, కావలసిన పాటలో కావలసిన చోట అతికించుకున్నాడు. ఒకసారి సత్తెనపల్లి వైపు షేర్ ఆటోలో పోతుంటే ఒక పాట వచ్చింది. జయకర్ హెప్సిబా మోకాలు తట్టాడు.

"నేనే."

"ఏదీ?"

"పాట వెనక."

హెప్సిబా చెవి అటు పెట్టింది. ముందు పాడుతున్న ఆవిడ గొంతు, కీబోర్డు, ఆటో ఇంజను. "వినపడతల్లేదండీ" అంది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు.

ఇప్పుడతను ఒక ప్రైవేటు స్కూల్లో గిటారు మాస్టారు. హెప్సిబా అదే స్కూల్లో బయాలజీ చెబుతుంది. తల్లి ప్రేమమ్మ పోయాక తండ్రి ఇన్నయ్య కూడా వీళ్ళ దగ్గరికే వచ్చేశాడు. జయకర్ పని వార్షికోత్సవానికి పిల్లల్ని వరసగా నిలబెట్టి మూడు స్వరాల పాట వాయింపజేయడం. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుంటారు. సాయంత్రం ఇంటికి వచ్చాక, అందరూ టీవీ చూస్తుంటే, అతను వరండాలో కూర్చుని తన సొంత రచన ఒకటి చెక్కుకుంటూ ఉండేవాడు. ఏళ్ళ తరబడి చెక్కాడు. అందులో తండ్రి తంబుర ఉంది. మిరపకోతకు బారుగా వంగిన ఆడవాళ్ళ కూనిరాగం ఉంది. కల్లంలో ఎండుకాయలు కాళ్ళతో తిరగేసేటప్పుడు వచ్చే గలగల ఉంది. అది గోళ్ళతో పెట్టె మీద గీరి తెప్పించేవాడు. మధ్యలో పాత కీర్తన ఒకటి దారి తప్పిన గొర్రెపిల్లలా వచ్చి పోతుంది. ఆ రచనకు పేరు లేదు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి పెట్టలేదు. అది మొదలు నుంచి చివరి దాకా విన్నది ఇద్దరే అనుకునేవాడు, వీధి కుక్క, రూతు.

రూతు అలా విని విని పట్టుకుంది.

"వరం హెప్సీ అది. నేనివ్వలేదు, దేవుడిచ్చాడు" అన్నాడు జయకర్ ఒక సాయంత్రం, పేపర్లు దిద్దుతున్న భార్యతో.

"మీ నాయన నుంచి మీకు, మీ నుంచి దానికి వచ్చిందంటే వరం కాదండీ, వారసత్వం. చక్కెర జబ్బు కూడా అట్టాగే వస్తది." ఎర్రపెన్ను కింద పెట్టింది. "నాకు ఇష్టం లేక కాదు. మీరు వరండాలో వాయించేటప్పుడు నేను లోపల పొయ్యి తగ్గించుకుని వింటాను. కానీ రోజూ చూస్తన్నాగా. ఇంత వచ్చిన మనిషి మూడు స్వరాలు గీకించుకుంటా ఎట్టా ఎండిపోతన్నాడో. రానోళ్ళకి ఏ బాధా లేదు. వచ్చినోళ్ళకే ఈ రోగం. దానికొద్దు."

"వినేటోళ్ళుంటే?"

"ఏరీ?"

 ఆ ప్రశ్నకు జవాబు ప్రవీణ్ తెచ్చాడు. ఫిబ్రవరిలో ఊరి బయట మైదానంలో జరిగే మూడు రోజుల సువార్త సభలకు అతనే పాటల పెద్ద. ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు.

"మావా, ఆఖరి రోజు సభ మొదలుకాగానే పది నిమిషాలు నీయి. పాట ఉండదు, కీబోర్డు ఉండదు. నువ్వొక్కడివే. నేనే మైకులో జనానికి చెబుతా, ఇది ఇట్టాంటి విద్య, నిశ్శబ్దంగా వినండి అని. నీకు నేను బాకీ ఉన్నాలే."

 అతను పోయాక జయకర్ హెప్సిబా దగ్గరికి వచ్చి చెప్పాడు. "ఆ రోజు జనం విన్నారా, రూతుకి నేర్పుతా. వినలేదా, నీ మాటే నా మాట. మళ్ళీ ఎత్తను."

"జనమంటే ఎంతమంది?"

"ఒక్కళ్ళు విన్నా చాలు. తెలియనోళ్ళు, మన ఇంటోళ్ళు కానోళ్ళు ఒక్కళ్ళు."

హెప్సిబా సరేనంది. ఆ రాత్రి పిల్లకు దుప్పటి కప్పుతూ, భర్త నెగ్గాలని కోరుకోవాలో ఓడాలని కోరుకోవాలో తెలియక ప్రార్థన మధ్యలో ఆపేసింది.

ఆఖరి రోజు పొద్దు వాలే వేళకు మైదానంలోకి ట్రాక్టర్లు, ఆటోలు వస్తున్నాయి. మిరపకోతల కాలం. శావల్యాపురం నుంచి, మాచవరం నుంచి కోతల మీద నుంచి నేరుగా వచ్చినవాళ్ళు చేతులు మండుతుంటే నీళ్ళ ట్యాంకు దగ్గర కడుక్కుంటున్నారు. పట్టాలు పరుచుకుంటున్నారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ముందు వరసలో హెప్సిబా, రూతు. ఇన్నయ్యకు పక్కన కుర్చీ వేశారు.

వేదిక మీద జాన్ సాహెబ్ వైర్లు సర్దుతున్నాడు. సభ నడిపే కుర్రాడు ప్రదీప్ కోటు వేసుకుని కాగితాలు చూసుకుంటున్నాడు. ప్రవీణ్ లేడు. ఫోన్ చేస్తే, పిడుగురాళ్ళ దాటాక సున్నం లారీ ఒకటి అడ్డం తిరిగిందనీ, కారు కదలడం లేదనీ చెప్పాడు. "వచ్చేస్తన్నా మావా, ఆగు."

జయకర్ ఆగాడు. కమిటీ పెద్ద ఆగలేదు. "ఏంది బాబూ, గిటారు పట్టుకుని ఊరికే కూచున్నావు? జనం వస్తన్నారు. కానియ్యి" అన్నాడు.

"ప్రవీణ్ వచ్చి చెబుతానన్నాడండీ."

"ఆయనొచ్చేసరికి ప్రసంగం టైమైద్ది. నువ్వు కానియ్యి."

తన గురించి తానే మైకులో చెప్పుకోవడం జయకర్‌కి చేతకాలేదు. తంబుర పట్టినవాళ్ళ ఇంట్లో ఆ అలవాటు లేదు. తలొంచి మొదలుపెట్టాడు.

ఆ రచన మొదలయ్యేది గంటలతో. తీగకు సరిగ్గా సగంలో వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటితే తీగ రెండు భాగాలుగా ఊగి, దూరపు గుడి గంటలా సన్నటి స్వరం వస్తుంది. బీఎస్సీలో చదివిన ఫిజిక్సులో అతనికి జీవితాంతం పనికొచ్చింది అదొక్కటే. అయితే గిటారు తీగలు శ్రుతిలో ఉన్నాయో లేదో సరిచూసుకునేవాళ్ళు కూడా ఆ గంటలే మోగిస్తారు. ఏటా సభలకు వచ్చే జనానికి ఆ చప్పుడు బాగా పరిచయం. ఇంకా మొదలవలేదు అని చెప్పే చప్పుడది. ఇన్నేళ్ళు చెక్కినా జయకర్‌కి ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

గంటలు మోగాయి. జనం పట్టాలు సర్దుకోవడం ఆపలేదు. బొటనవేలు నడక మొదలుపెట్టింది. సభకు కీబోర్డు వాయించడానికి వచ్చిన కుర్రాడొకడు వంగి, "అన్నా, ఆ పై తీగ ఒకసారి ఇయ్యవా, నాదీ కలుపుకుంటా" అన్నాడు. జయకర్ తల అడ్డంగా ఊపాడు. మిరపకోత కూనిరాగం ఎత్తుకున్నాడు. జాన్ సాహెబ్ కింద నుంచి చెయ్యెత్తి, "తమ్ముడూ, లావు తీగ గూబ పగలగొడతంది. అదే ఇంకోసారి కొట్టు, తగ్గిస్తా" అని అరిచాడు. బొటనవేలు ఎలాగూ ఆ తీగ మీదే ఉంది. జాన్ సాహెబ్ తృప్తిగా మీట తగ్గించాడు. తంబుర సగం చచ్చిపోయింది.

కీర్తన వచ్చే చోటుకు చేరుకున్నాడు. అక్కడ మోత పలచబడుతుంది. రెండు తీగల మీద స్వరం వణుకుతూ నిలబడుతుంది. సరిగ్గా అప్పుడే ప్రదీప్ రెండో మైకు అందుకుని, "హలో, హలో, మైక్ టెస్టింగ్. దేవునికి స్తోత్రం. హలో" అన్నాడు. జనంలో ఎవరో "స్తోత్రం" అన్నారు.

జయకర్ తలెత్తలేదు. వేళ్ళు చివరి దాకా వెళ్ళాయి. ఒక్క స్వరం తప్పలేదు. అంత బాగా వరండాలో కూడా ఎప్పుడూ రాలేదు. ఆఖరి తీగ ఊగి ఊగి ఆగింది. అప్పుడు తల ఎత్తి చూశాడు. పిల్లాడొకడు నీళ్ళ ప్యాకెట్టు కొరుకుతున్నాడు. ఒకావిడ జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది. అందరూ వేదిక వైపే చూస్తున్నారు, మొదలవడం కోసం.

"ప్రియులారా," అన్నాడు ప్రదీప్, "మన జయకరన్న చానా శ్రద్ధగా సౌండ్ చెకింగ్ చేశారు. అన్నకు వందనాలు. వెనకున్నోళ్ళకు వినపడతందా? మొదటి పాటతో దేవుని స్తుతిద్దాం. అన్నా, జీ మేజర్ అందుకోండి."

జయకర్ చొక్కా జేబులోంచి బిళ్ళ తీశాడు. జీ మేజర్ అందుకున్నాడు. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టి తాళం వేశారు.

మూడో పాటకు ప్రవీణ్ రొప్పుతూ వేదికెక్కి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అయిపోయిందా మావా? ఎట్టా వచ్చింది?"

"బాగానే వినపడింది."

"చెప్పాగా" అని మైకు అందుకున్నాడు.

 సభ అయ్యాక ఆటోలో ఇన్నయ్యే ముందు నోరు తెరిచాడు. "మోత ఎక్కడా తెగలేదురా. అంత నిలకడ నాకూ లేదు." మళ్ళీ తనే అన్నాడు, "కానీ కథేదిరా అబ్బాయ్? తంబుర ఎంత బాగున్నా కథకుడు లేపోతే జనం ఏం పట్టుకుని కూచుంటారు? నేను అన్నేళ్ళు వాయించా. నన్ను చూడ్డానికి ఒక్కడైనా వచ్చాడా?"

రూతు తల్లి ఒళ్ళో ముఖం దాచుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నారు. వీధి మలుపులో ఆటో గుంటలో పడి లేచింది, పిల్ల వెక్కింది.

"ఏమైందమ్మా?" అన్నాడు జయకర్.

"నేను అబద్ధమాడా డాడీ."

"ఎవరితో?"

"నాకు అటుపక్కన మన చర్చి అంకమ్మమ్మ కూచుంది. 'ఏందే, మీ నాయన ఇంకా సరిచేసుకుంటానే ఉన్నాడు, పాటెప్పుడు?' అంది. ఇదే పాట అని చెప్పా. 'పాటైతే ఎవరూ పాడరేందే' అని నవ్వింది. ఆమె వెనకోళ్ళు కూడా నవ్వారు. మళ్ళీ అడిగింది." పిల్ల ముక్కు ఎగబీల్చింది. "అప్పుడు అవును, సరిచేసుకుంటన్నాడు అని చెప్పా."

హెప్సిబా కిటికీ లేని ఆటోలో కిటికీలోంచి చూసినట్టు బయటికి చూసింది. పందెం తనే గెలిచింది. దాంట్లో సంతోషమేమైనా ఉందేమోనని వెతుక్కుంటే దొరకలేదు. జయకర్ పిల్ల తల మీద చెయ్యి వేసి, "పోనీలే" అన్నాడు. ప్రదీప్ మాటకు అతనికి కోపం రాలేదు, జనం మీదా రాలేదు. జనం గోడ లాంటివాళ్ళు, గోడతో ఏం పోట్లాట? కానీ ఆ రచనలో ప్రతి స్వరమూ తెలిసిన ప్రాణి ఈ భూమ్మీద ఒక్కటి ఉంది. ఎనిమిదేళ్ళకే తండ్రిని చూసి సిగ్గుపడాల్సిన పరిస్థితి దానికి తెచ్చాడు. రేపు వాయించేది అదే అయితే ఆ నవ్వు ఎవరి వైపు తిరుగుతుంది? తను మగవాడు కాబట్టి ఆరిపోయి ఊరుకున్నాడు. ఆడపిల్ల అయితే ఇంకా ఏమేం అంటారో అతనికి తెలుసు.

రెండు రోజులాగి, సాయంత్రం రూతును కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒళ్ళో చిన్న గిటారు పెట్టాడు. పిల్ల కళ్ళు వెలిగాయి. బొటనవేలు అప్పటికే లావు తీగ మీద వాలింది. జయకర్ ఆ చేతిని పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి ఇరికించాడు.

"గట్టిగా పట్టుకో. కిందికి, కిందికి, పైకి. అంతే."

"ఇట్టా పట్టుకుంటే బొటనవేలు కదలట్లేదు డాడీ."

"కదలకూడదు."

రూతు కాసేపు గీకింది. సులువుగానే వచ్చింది. తర్వాత తలెత్తి, "మరి నువ్వు వాయించేది ఎప్పుడు నేర్పుతావు?" అని అడిగింది.

"అది చెకింగమ్మా" అన్నాడు జయకర్.

వంటింట్లో హెప్సిబా చేతిలో గరిటె ఆగింది. తను గెలిచిన మాట అంత మామూలుగా, అంత మెత్తగా బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు. బయటికి వచ్చి ఏదో అనాలనుకుంది. ఏమనాలి? వద్దన్నది తనే. పొయ్యి పెద్దది చేసింది.

పిల్ల కొన్నాళ్ళు మొండికేసింది. ఎవరూ చూడనప్పుడు బిళ్ళ పక్కన పడేసి పాత పద్ధతిలో వాయించేది. జయకర్ గదిలోకి వచ్చి ఏమీ అనకుండా బిళ్ళ తీసి ఇచ్చేవాడు. తిట్టలేదు, కొట్టలేదు. ప్రతిసారీ తీసి ఇచ్చాడు. వరండాలో తను వాయించుకోవడం కూడా మానేశాడు. పిల్ల చెవిలో పడకూడదు కదా. చివరికి ఆ అలవాటు పోయింది. అతను మంచి మాస్టారు, ఏది నేర్పాలనుకున్నా నేర్పగలడు.

చేతుల్లో మట్టలు పట్టుకుని ఊరేగే మట్టల ఆదివారం నాడు రూతు చర్చిలో మొదటిసారి వాయించింది. గౌను వేసుకుని, స్టూలు మీద కూర్చుని, పాట వెనక కిందికి, కిందికి, పైకి. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అంకమ్మ బుగ్గలు పుణికి, "మీ నాయనకంటే నువ్వే నయమే. ఆయన సరిచేసుకుంటా కూచుంటాడు, నువ్వు టక్కున మొదలుపెట్టావు" అంది. రూతు తండ్రి వైపు చూసి, ఆయన నవ్వుతుంటే తనూ నవ్వింది.

చర్చి పెద్ద జయకర్‌ని పక్కకు పిలిచి చెప్పాడు. "పాప చూడముచ్చటగా ఉంది. వచ్చే వారం నుంచి పాపనే వాయించనిద్దాం. నువ్వూ పెద్దోడివవుతన్నావు, కాస్త కూచో."

"అట్టాగేనండీ" అన్నాడు జయకర్.

ఆ తర్వాత ఆదివారం అతను మగవాళ్ళ వైపు, మూడో వరసలో కూర్చున్నాడు. వేదిక మీద కాకుండా జనంలో కూర్చోవడం అతనికి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాట మొదలైంది. పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు అతని చెవి దగ్గరికి వంగాడు.

"కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారంటన్నా? మీకేమైనా తెలిసిందా?"

జయకర్ అతని వైపు తిరిగాడు. ఈ ఏడు డ్యాములో నీళ్ళెట్టా ఉన్నాయో, మాగాణి పరిస్థితి ఏమిటో చెప్పసాగాడు. అతను ఇంకేదో అడిగాడు. ఇతను ఇంకేదో చెప్పాడు. మాటల్లో పడి, రూతు పాట ఎప్పుడు ముగించి స్టూలు దిగిందో గమనించలేదు.